బేరింగులో కూరిన ఇసుక

ఈ మాట చాలా ఏళ్లుగా నా లోపలే ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెబుతున్నాను. ముఖం తెలిసిన మనిషికి చెప్పే ధైర్యం నాకు లేదు.

బత్తలపల్లెలో నాకొక బైకు మెకానిక్ షాపు ఉంది. అప్పట్లో ఓబులేసు నా దగ్గర పనిచేసేవాడు. నాకన్నా చిన్నవాడు, అప్పుడే కొత్త కాపురం పెట్టాడు. పని నేనే నేర్పాను. కానీ వీల్ బ్యాలెన్సింగ్ స్టాండు మనమే చేసుకుందామన్న ఆలోచన మాత్రం వాడిది. మిషను కొనే తాహతు మాకు లేదు. ఎండిపోయిన బోరులోంచి పీకిన ఇనుప పైపులు తెచ్చాడు. రెండు కాళ్లు నిలబెట్టి, వాటి తలల మీద బేరింగులు బిగించాడు. చక్రానికి ఇరుసు దూర్చి ఆ బేరింగుల మీద పెట్టి వదిలితే, బరువు ఎక్కువున్న వైపు తనంతట తానే కిందికి దిగి ఆగుతుంది. దానికి ఎదురుగా చిన్న సీసం ముక్క అంటించాలి. తిప్పి ఎక్కడ వదిలితే అక్కడే చక్రం నిలిస్తే, బరువు సరిపోయినట్టు. లేకపోతే వేగంలో బండి వణుకుతుంది.

కొన్నాళ్లకే ధర్మవరం నుంచి కూడా బండ్లు రావడం మొదలైంది. వచ్చినవాళ్లు నన్ను చూసి, "ఓబులేసు లేడా?" అని అడిగేవారు. షాపు నాది. అడిగేది వాణ్ని.

అక్కడ మొదలైంది నా అనుమానం. ఫోను మోగితే వాడు బయటికి పోయి మాట్లాడేవాడు. ఎందుకు? ధర్మవరంలో ఖాళీ గదులు చూస్తూ తిరుగుతున్నాడని ఎవరో చెప్పారు. ఎందుకు? అడిగి ఉంటే చెప్పేవాడేమో. నేను అడగలేదు. వేరే షాపు పెడతాడు, గిరాకీ మొత్తం వాడి వెంట పోతుంది అని నాకు నేనే తీర్మానించుకుని, వాడు నవ్వినా, మౌనంగా ఉన్నా, పని తొందరగా ముగించినా అందులో ఏదో ఎత్తు వెతుక్కునేవాణ్ని. నిజంగా షాపు పెట్టాలనుకున్నాడా? ఇప్పటికీ నాకు తెలియదు.

ఒక మధ్యాహ్నం వాడు అన్నానికి పోయినప్పుడు, ఎడమవైపు బేరింగు మూత విప్పాను. పక్కన ఇల్లు కట్టడానికి తోలిన ఇసుకలోంచి చిటికెడు తీసి, గట్టి గ్రీజులో కలిపి లోపల కూరాను. మూత మళ్లీ బిగించాను. బేరింగు కొంచెం పట్టేస్తే చాలు, బరువు ఎటున్నా చక్రం ఆగిపోతుంది. సరిపోయినట్టే కనిపిస్తుంది. వాడి పేరు కాస్త చెడితే చాలనుకున్నాను. అంతే అనుకున్నానా? లేక ఇప్పుడు మీ ముందు తప్పును చిన్నది చేసుకుంటున్నానా?

ఆ వారమే ధర్మవరంలో మగ్గం నేసే ఒకాయన ముందుచక్రానికి కొత్త టైరు వేయించుకుని, ఓబులేసు చేత ఆ స్టాండు మీద బరువు సరిచేయించుకుని పోయాడు. పెద్ద రోడ్డు మీద వేగం అందుకోగానే హ్యాండిలు వణికిందట. బెదిరి బ్రేకు పట్టాడు. పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. పడింది చక్రం వల్లనా, రోడ్డు మీది కంకర వల్లనా? ఆ ప్రశ్న వెనక నేను చాలాకాలం దాక్కున్నాను.

ఆయన తమ్ముడు షాపుకొచ్చి నిలదీశాడు. అతని మాట పూర్తి కాకముందే నేను ఓబులేసు వైపు చెయ్యి చూపించాను. వాడు తల దించుకుని తిట్లన్నీ తిన్నాడు. అతను వెళ్లాక స్టాండు విప్పదీసి, అరచేయి చాపుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, బేరింగులో ఇసుక ఉండాది."

"గాలికి పడింటాది లేప్పా. మన ఊర్లో దుమ్ముకేమన్నా కరువా?"

"గాలికొచ్చే దుమ్ము మెత్తగుంటాదన్నా. ఇది ఏటి ఇసుక. మూత తీస్తే గానీ లోపలికి పోదు."

"అంటే, ఎవురో ఏసినారంటావా? నువ్వే సరిగా తుడవకుండా బిగించింటావు."

వాడు నా ముఖంలోకి కాసేపు చూశాడు.

"అంతేనేమోలే అన్నా," అని చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

మరుసటి రోజు పనికి రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. చుట్టుపక్కల ఏ షాపులోనూ వాణ్ని పెట్టుకోలేదు. చిలమత్తూరు దగ్గర, భార్య వాళ్ల ఊరికి పోయి లోడింగు పనిలో చేరాడని విన్నాను. ఆ నేతాయన చెయ్యి వంకరగా అతుక్కుంది. మగ్గం తమ్ముడికి అప్పగించాడట. చూడటానికి నేను పోలేదు. బేరింగు మార్చి, ఆ స్టాండు సంపాదనతోనే ఇప్పటికీ అన్నం తింటున్నాను.

పోయిన ఎండాకాలం హిందూపురం బస్టాండులో ఓబులేసు కనిపించాడు. వాడే వచ్చి పలకరించాడు. పక్కనున్న కూతురితో, "ఈయన్నేమ్మా నాకు పని నేర్పించిండేది," అన్నాడు.

అది గౌరవమా? దెప్పా? వాడి కళ్లలో వెతికాను. ఏమీ దొరకలేదు. చెప్పడానికి అదే సమయం. బస్సు వచ్చేదాకా ఎండల గురించి మాట్లాడాను.

వాడికి తెలుసని ఒక రోజు అనుకుంటాను, తెలియదని ఇంకో రోజు. మీరు నన్ను క్షమించనక్కర్లేదు. క్షమించాల్సిన ఇద్దరికీ ఈ మాటలు చేరవు. చేరవని తెలిసే రాశానేమోనని కూడా అనిపిస్తోంది. అయినా చెప్పేశాను. ఇన్నేళ్లలో మొదటిసారి కాస్త తేలిగ్గా ఉంది. అంతకు మించి నాకు రావలసింది ఏమీ లేదు.