సుగ్గి లారీ దగ్గర తక్కెడ

ఉదయం ఆరున్నరకు కర్నూలు బస్టాండులో ఆలూరు బస్సు ఎక్కాం, నేనూ డాక్టర్ అల్మాజ్. ఆమెది ఇథియోపియా. మన ఆశా కార్యకర్తలు పల్లెల్లో పసిపిల్లల బరువు ఎట్లా చూస్తారో తెలుసుకుని, తమ దగ్గర ఒక జిల్లాలో అదే పద్ధతి పెట్టాలని వచ్చింది. మరుసటి రోజు కడపలో కూర్చుని ఆ పథకం రాయాలి. ఒకరి మాట ఇంకొకరికి చెప్పడం నా పని. సొంతంగా ఏమీ మాట్లాడక్కర్లేదు కాబట్టే ఆ పనికి ఒప్పుకున్నాను.

నా ఆధార్ చూసి కండక్టరు ఆడవాళ్ళకిచ్చే ఉచిత టికెట్ ఇచ్చాడు. అల్మాజ్ మాత్రం డబ్బులు కట్టింది. కోడుమూరు దాకా నిలబడే పోవాలి, వెళ్ళేవాళ్ళు ముందే అనుకుని వెళ్ళండి. జొన్నల మూట మీద కూర్చున్న పెద్దాయన అల్మాజ్‌నే చూస్తూ అడిగాడు.

"ఆయమ్మది యా వూరు పాపా?"

"ఇథియోపియా."

"అది యాడుండాది? బళ్ళారి దాటాల్నా?"

"శానా దూరం తాతా."

"ఆడ వానలు పడతాయా?"

నేను అడిగి చెప్పాను, అక్కడా అంతంతమాత్రమేనని. "అయితే మనోళ్ళే" అని ఆయన మూట మీద కాస్త జరిగి ఆమెకు చోటిచ్చాడు.

పదింటికి ఆలూరులో దిగి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. అల్మాజ్ ఉగ్గాని రెండోసారి పెట్టించుకుంది. అక్కడి నుంచి ఆటోలో అరగంట. ఊళ్ళో ఆశా కార్యకర్త హుసేనమ్మ రిజిస్టరుతో సిద్ధంగా ఉంది. నేను పనిచేసే ఆరోగ్య శాఖ ఆఫీసరు అప్పటికే జీపులో వచ్చేశారు.

"చూడండి మేడం, పన్నెండు నెలల్లో ఒక్క గడి ఖాళీ లేదు" అన్నారాయన.

పిల్లలు దొరకని నెలలు ఉంటాయా అని అల్మాజ్ అడిగింది. హుసేనమ్మ ఆఫీసరు ముఖం చూసి, "అంతా బాగుండాది సార్" అంది. నేనూ అదే చెప్పాను. కానీ రిజిస్టరులో జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఏ బిడ్డ బరువూ కొంచెం కూడా మారలేదు.

జీపు వెళ్ళిపోయాక హుసేనమ్మ మజ్జిగ తెచ్చింది. అల్మాజ్ అరుగు మీద పిల్లల్ని ఆడిస్తోంది.

"మీది యా వూరు పాపా?"

"కోసిగి పక్కన అక్కా."

"అయితే నీకు చెప్పేదేముండాది, మీ పక్కా వలసలే గదా! సుగ్గికి, కూలి పనులకు గుంటూరు పోతే ఈడ బిడ్డలెవరుంటారు? గడి ఖాళీ పెడితే నన్ను తిడతారు. పాత అంకెలే ఎక్కిస్తాండా."

తర్వాత రవికెలోంచి ఒక చిన్న నోటుబుక్కు తీసింది. మిరప కోతకు కూలీలను తీసుకుపోయే లారీ వచ్చిన రోజు, దాని వెనక కొక్కేనికే తక్కెడ కట్టి పిల్లల్ని తూస్తుందట. తిరిగొచ్చిన రోజు మళ్ళీ తూస్తుందట. రెండు బరువులూ పక్కపక్కనే రాసింది. "తగ్గినోళ్ళ ఇంటికి ముందు పోతా. ఎల్లుండి మళ్ళా లారీ వస్తాది. ఆయమ్మకు చెప్పు, నా పేరు మాత్రం ఆఫీసులో ఎత్తొద్దు."

పత్తికొండ మీదుగా డోన్ చేరేసరికి సాయంత్రం ఐదు. స్టేషను దగ్గర లాడ్జిలో దిగాం. దారిలోనే అల్మాజ్‌కు అంతా చెప్పాను. "మావాళ్ళు నువ్వుల కోతకు పోతారు. ఆ నిండు రిజిస్టరు నమూనానే పట్టుకుపోయి ఉంటే మా పిల్లలూ కాగితం మీదే పెరిగేవాళ్ళు" అందామె.

మర్నాడు తెల్లవారి బస్సు పట్టుకుని, నంద్యాలలో ఇడ్లీ తిని, పదకొండున్నరకు కడప చేరాం. పథకంలో వలస నెలలకు వేరే గడి ఉండాలని, లారీ దగ్గరే తూకం వేయాలని అల్మాజ్ పట్టుబట్టింది. నేను తెలుగులో చెప్పడం పూర్తి కాకముందే, అక్కడికీ వచ్చిన మా ఆఫీసరు నా వైపు తిరిగారు.

"ఎవరమ్మా ఈమెకు ఇదంతా చెప్పింది?"

నేను చేతిలోని కాగితాలు పక్కన పెట్టాను.

"నేనే సార్. చిన్నప్పుడు రెండేళ్ళు సుగ్గికి పోయినా. మా తమ్ముడు ఆడ చిక్కిపోయి వచ్చినాడు. ఆ నాలుగు నెలలు వాని పేరు ఏ రిజిస్టరులో ఉందో నాకు తెలీదు."

ఈ సంగతి ఆఫీసులో నేనెప్పుడూ అనలేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సరే, ఆ గడిలో సుగ్గి అనే రాయనీండి. మొదట మన ఆలూరు మండలంలోనే పెట్టి చూద్దాం" అన్నారు.

అల్మాజ్ గండికోట చూడాలని ఆగింది. మూడోరోజు పొద్దున నేనొక్కదాన్నే కర్నూలు బస్సెక్కాను. అంత దూరం పోవాల్సిన పథకం ఒక ఆడమనిషి రవికెలోని నోటుబుక్కు దగ్గర సరిదిద్దుకుందని డైరీలో రాసుకుంటున్నాను. మైదుకూరు దాటాక ఫోను మోగింది, హుసేనమ్మ.

"పాపా, సుగ్గి అని రాయమన్నారు. తిట్టరు గదా?"

"తిట్టరక్కా. మీ పేరు ఎత్తలేదు. నా పేరే చెప్పినా."

వెనక లారీ హారన్, ఒక బిడ్డ ఏడుపు. "ఉండు, వీడు ఊగుతాండాడు. ముల్లు నిలబడనీ."

నేను ఫోను చెవికి ఆనించుకుని ఆగాను. కాసేపటికి ఏడుపు తగ్గింది.

"ఎనిమిది కిలోల నాలుగు వందలు" అంది హుసేనమ్మ.

డైరీలో ఆ అంకె కూడా రాసుకున్నాను.