అది పోయే దిక్కు

ఎనభైల మొదట్లో వరంగల్‌లో నేను చదివిన కాలేజీ జువాలజీ ల్యాబ్ అటెండర్‌ను అందరం తాత అనేవాళ్లం. కోస్తా నుంచి ఫార్మలిన్ డబ్బాల్లో చిన్న సొరచేపలు వచ్చేవి. మేం కోసేముందు తాత ఒక్కో చేపను తల నుంచి తోక దాకా నిమిరేవాడు. వరంగల్‌లోనే, కాశిబుగ్గలో మగ్గాల ఇంట్లో పుట్టినవాడు, గుడ్డ నాణ్యం చూసినట్టే ఉండేది. సముద్రం మాత్రం ఎన్నడూ చూడలేదు.

మొదటిరోజు నేను భయంభయంగా తోకవైపు నుంచి తాకాను. అరచేయి గీరుకుపోయింది.

"ఎదురు నిమిరితే గీరుతది బిడ్డా. అది పోయే దిక్కే నిమురు, పట్టు లెక్కుంటది," అన్నాడు. మూతి మీది సన్నటి రంధ్రాలు చూపించాడు. "ఇసుకల దాసుకున్న చేప గుండె కొట్టుకున్నా వీటితోని దానికి ఎరుకైతది. గంత తెలివిగల్లది మనిషిని ఊకనే ఎందుకు కరుస్తది?"

ఫైనలియర్‌లో మమ్మల్ని విశాఖ తీసుకుపోయారు. తిరిగొచ్చేసరికి తాత దవాఖానలో ఉన్నాడు, ఊపిరి అందడంలేదు.

"బతికున్నదాన్ని చూసినవా బిడ్డా?"

"చూసిన తాతా. మా పడవ పక్కపొంటే పోయింది."

"మిమ్ముల జూసి ఏం జేసింది?"

"ఏం జేయలే. దాని తొవ్వన అది పోయింది."

"నేను జెప్పలే?" అని కళ్లు మూసుకున్నాడు. ఆ వారమే పోయాడు.

విశాఖలో నేను నిజంగా చూసింది ఒడ్డు మీద సొరచేపల కుప్ప. అమ్మకానికి రెక్కలు కోసుకుని, మొండేలను ఇసుకలో పడేశారు. ఒకదాని మొప్పలు ఇంకా కొట్టుకుంటున్నాయి. పక్కన కూర్చుని తల నుంచి తోక దాకా నిమిరాను. తాత చెప్పినట్టే, పట్టులా ఉంది.