చెయ్యెత్తినా లేవని అంగీ

నేను కత్తిరించిన అంగీకి వంక పెట్టినవాళ్లు గల్ఫ్‌లో నేను కుట్టుపని చేసే ఉమ్మ్ అల్ హస్సామ్‌లో అంతవరకు లేరు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. అందుకే ఆ నార్వే మేడం పన్నెండు అంగీలూ వెనక్కి తెచ్చి నా బల్ల మీద పెట్టినప్పుడు తల కొట్టేసినట్టయింది.

ఆమె నాట్యం కూర్చే మనిషి, నాటకాలు ఆడించే మనిషి. ఇక్కడి కుర్రకారుతో ఒక ప్రదర్శన చేయించడానికి వచ్చారు. బట్టల పని మీద మా దుకాణానికి వచ్చిన ప్రతిసారీ స్టూలు మీద కూర్చుని, పాలు లేని చాయ్ తాగుతూ తన కథ చెప్పేవారు. ఆమె ఇంగ్లీషును దుకాణం నడిపే హైదరాబాదు భాయ్ నాకు హిందీలో విప్పి చెప్పేవాడు. చలికాలంలో వారాల తరబడి పొద్దు పొడవని ఊళ్లో పుట్టారట. తల్లి చేపలు కోసే ఫ్యాక్టరీలో పనిచేసేదట. బడిలో ఆటల గదిలో నాట్యం నేర్చుకుని దేశాలు తిరిగి ఆడారు. ముప్పై అయిదో ఏట మోకాలు పోయింది. అందరూ ఇక ఖలాస్, పని అయిపోయింది అన్నారని, ఇక్కడి అరబ్బీ మాటే వాడి నవ్వారు. ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. ఇతరుల చేత ఆడించడం మొదలుపెట్టి, పెద్ద పెద్ద నాటకశాలలు నడిపారు. ఇప్పుడు అరవై దాటాయి. కుంటుతూనే మా మెట్లెక్కుతారు.

అలాంటి మనిషి నా అంగీలు వెనక్కి తెచ్చారు. పిల్లలు చేతులు పైకెత్తగానే అంగీ మొత్తం లేచి బొడ్డు కనిపిస్తోందట. ప్రదర్శనకు ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. సరిచేయడం కుదరకపోతే బజారులో నల్ల బనీన్లు కొంటానన్నారు.

ఇస్త్రీ చేసే జగిత్యాల తమ్ముడు ఊరుకుంటాడా! "ఏందే అన్నా, నువ్వు కుట్టిన అంగీలు ఎగురుతున్నయంట గదా?"

"నీ ఇస్త్రి నువ్వు చూస్కోరా" అని కసిరాను. కానీ తప్పు నాదే. పన్నెండు మందినీ చేతులు దించి నిటారుగా నిలబెట్టి కొలిచాను. దర్జీలందరం చేసేది అదే. ఆఫీసుకు పోయేవాడికి అది చాలు, ఆడేవాడికి చాలదు.

అప్పుడు మా నాయన పని గుర్తొచ్చింది. బస్తాలెత్తే హమాలీల అంగీలకు ఆయన చంకలో నలుచదరపు ముక్క వేసేవాడు. చెయ్యి ఎంత ఎత్తినా ఆ ముక్క విచ్చుకుంటుంది, అంగీ కదలదు. పాతకాలపు పని అని నేనే ఎప్పుడో మానేశాను. మిగిలిన గుడ్డ పారెయ్యని అలవాటు ఆదుకుంది. కుట్లు విప్పి ఇరవై నాలుగు ముక్కలు వేశాను. దానికి రెండు రోజులు పట్టింది.

ప్రదర్శనకు భాయ్ నన్నూ తమ్ముణ్ణీ కారులో తీసుకుపోయాడు. చివర్లో పన్నెండు మందీ ఒక్కసారిగా చేతులెత్తారు. బయటికొచ్చాక తమ్ముడు అడిగాడు: "ఆట ఎట్లుందే అన్నా?"

"ఏమోరా, నేను అంచులే చూసిన. ఒక్కటి గూడ కదల్లే."

మర్నాడు పొద్దున దుకాణం తెరవగానే మేడం వచ్చి, అలాంటి అంగీ తనకూ ఒకటి కావాలన్నారు. నేను టేపు తీశాను. నేను నోరు తెరవకముందే ఆమె రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డారు.