ఆయ్ అంటే ఎన్ని అడుగులు

మా వీధి చివర ఇల్లు కడుతున్నారు. ఇవాళ ఉదయం ఇసుక లారీ ఒకటి సందులోకి వెనక్కి వస్తుండగా, కింద నిలబడిన మేస్త్రి "ఆయ్, ఆయ్" అనడం వినిపించింది. కాఫీ గ్లాసు అరుగు మీద పెట్టి బయటికి వచ్చాను. వెనక చక్రానికీ మురుగుకాలువకూ మధ్య నా చేతితో కొలిస్తే రెండు జానల ఖాళీ ఉంది. అరవై తొమ్మిదేళ్ల వయసులో పరాయివాళ్ల లారీ పక్కన కూర్చుని జానలు కొలిచే అలవాటు నాకు, లారీ నడపడం నేర్పిన సత్తిబాబు వల్ల వచ్చింది.

మండపేటలో ఒక రైసు మిల్లు కాటా దగ్గర ఇరవై రెండేళ్లు గుమాస్తాగా పనిచేశాను. లారీలు వచ్చేవి, తూగేవి, వెళ్లిపోయేవి. అవి ఎక్కడికి వెళ్తాయో నేనెన్నడూ చూడలేదు. మిల్లు మూతపడేనాటికి నాకు నలభై ఆరు. ఇంతకాలం బరువు రాసిన బండిని నడిపితే ఎలా ఉంటుందన్న కుతూహలం ఒక పాలు, ఇల్లు గడవాలన్న అవసరం మూడు పాళ్లు. హెవీ లైసెన్సు సంపాదించాను గాని, ఆ వయసులో కొత్తగా స్టీరింగు పట్టేవాడికి బండి ఇచ్చే యజమాని దొరకలేదు. చివరికి అంబాజీపేటలో ఒక కొబ్బరి షావుకారు గారు ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. ఆయన డ్రైవరు సత్తిబాబు రెండు నెలల్లో గల్ఫు వెళ్తున్నాడు. అంతవరకు అతని పక్కన నేర్చుకోవాలి. వెళ్లేముందు అతను సరేనంటే బండి నాది, లేకపోతే లేదు.

సత్తిబాబు నాకంటే పన్నెండేళ్లు చిన్నవాడు. నన్ను బాబాయి గారూ అని పిలిచేవాడు. బండి తీసే ముందు రోజూ ఒక కర్రతో ఆరు టైర్లనూ కొట్టి, తల వంచి వినేవాడు.

"ఎడం వెనక లోపలిది తగ్గిందండీ."

"ఎంత తగ్గింది?"

"కొంచెం అండీ."

కొంచెం అన్నది నా దృష్టిలో అంకె కాదు. గాలి కొలిచే గేజి ఒకటి కొనుక్కుని, అతను కొట్టిన ప్రతి టైరునూ వెనకే కొలిచి చిన్న పుస్తకంలో రాసుకునేవాణ్ణి. పద్దెనిమిది రోజుల్లో ఒక్కసారి తేడా వచ్చింది. ఆ రోజు చెడిపోయింది గేజి. ఇది ఎలా సాధ్యమని అడిగితే నవ్వేడు. "కురిడీ కాయ లోపల కొబ్బరి ఎండిందో లేదో చెవి దగ్గర ఊపి చెప్పేస్తారు కదండీ, దానికి గేజి ఎక్కడుంది?" ఆ జవాబు నాకు సరిపోలేదు. ఇప్పటికీ సరిపోలేదు.

నలభై మూడో రోజున పి.గన్నవరం దగ్గర, కాలువ గట్టు పక్కనున్న తోటలోకి బండిని వెనక్కి తీసుకువెళ్లవలసి వచ్చింది. అప్పటికే ఆరువేల కాయలు ఎక్కించి ఉన్నాయి. సత్తిబాబు కావాలనే దిగి, దూరంగా టీ బడ్డీ దగ్గర నిలబడ్డాడు. వెనకాల తోట యజమాని, ఒక పెద్దాయన, చేతులు కట్టుకుని ఉన్నాడు.

"రావచ్చాండీ?" అని అరిచాను.

"ఆయ్."

"ఇంకా రావచ్చాండీ?"

"ఆయ్."

మూడో ఆయ్ వినిపించేసరికి ఎడమ వెనక చక్రాలు గట్టు మట్టిలో దిగబడి, బండి కాలువ వైపు ఒరిగింది. పెద్దాయన పరుగెత్తుకొచ్చేడు. "నేను రమ్మన్లేదండీ. తమరు అడిగేరు, ఆయ్ అన్నాను. అడిగితే పలక్కుండా ఊరుకుంటామేంటండీ?"

ఆయన అన్నది అక్షరాలా నిజం. మా వైపు ఆయ్ అంటే సరే కావచ్చు, వింటున్నాను కావచ్చు, కాదని చెప్పలేకపోవడమూ కావచ్చు. పుట్టినప్పటినుంచీ అంటూనే ఉన్నాను, స్టీరింగు ముందు ఆ సంగతే మరిచిపోయాను.

ట్రాక్టరు తెచ్చి బండిని పైకి లాగడానికి రెండు గంటలు పట్టింది. నా ఉద్యోగం ఆ కాలువలోనే పడిపోయిందనుకున్నాను. సత్తిబాబు కోప్పడలేదు.

"వెనకాల ఎన్ని అడుగులు ఖాళీ ఉందండీ, బాబాయి గారూ?"

"ఆయన ఆయ్ అన్నారు కదా."

"నేనడిగింది అడుగులండీ. కాటా దగ్గర అన్నేళ్లు చేసేరు. లోడు పది టన్నులా అంటే బయటోడు ఆయ్ అన్నాడని రాసేసుకున్నారా ఎప్పుడైనా?"

అతను డ్రైవరు వైపు తలుపు తీసి పట్టుకున్నాడు. "మళ్లీ ఎక్కండి. ఈసారి దిగి చూసుకుని వద్దురు గాని."

నాలుగుసార్లు దిగి, అడుగులు వేసి కొలిచి, బండిని తోటలో పెట్టాను.

రెండు నెలలు నిండిన రోజు షావుకారు గారు మా ఇద్దర్నీ పిలిచేరు. "ఏం సత్తిబాబూ, ఈయనకి బండి ఇవ్వొచ్చంటావా?"

సత్తిబాబు నావైపు ఒకసారి చూసి "ఆయ్" అన్నాడు. అంతే. తాళాలు నా చేతికొచ్చాయి. బయటికొచ్చాక ఉండబట్టలేక అడిగాను: "ఆ ఆయ్ ఏ ఆయ్, సత్తిబాబూ?"

"అదీ దిగి చూసుకోవాలండీ," అని నవ్వేడు.

గల్ఫు వెళ్లిన అయిదో నెలలో ఒకసారి ఫోను చేశాడు. "దిగుతున్నారాండీ?" అన్నాడు. "ఆయ్" అన్నాను. "అంకె చెప్పండి బాబాయి గారూ." ఆ రోజు ఏడుసార్లు దిగాను, అదే చెప్పాను. తర్వాత ఆ నంబరు పనిచేయలేదు. అతను ఇప్పుడెక్కడున్నాడో నాకు తెలియదు కాబట్టి రాయను. పదహారేళ్లు లారీ నడిపాను. వెనక చక్రం మళ్లీ ఎక్కడా దిగబడలేదు.

ఇవాళ ఇసుక లారీ కిటికీ దగ్గరికి వెళ్లి, "దిగి ఒకసారి చూసుకో బాబూ" అన్నాను. డ్రైవరు సీట్లోంచి కదలకుండానే "ఆయ్" అన్నాడు.

అతను దిగేదాకా నేను అక్కడే నిలబడ్డాను.