తోమిన పిస్తోలు

నా చిన్నప్పుడు మేం సింగపూర్‌లో, టాంపినీస్‌లో ఉండేవాళ్లం. కంప్యూటర్ ఉద్యోగాలకని మనవాళ్లు బిలబిలా దిగిన రోజులవి. పై అంతస్తు హైదరాబాద్ అంకుల్ కూడా అలా వచ్చినవారే. అందరూ కార్లూ ఫ్లాట్లూ అంటుంటే ఆయనకి పాత ఫ్రెంచి సైన్యం పిస్తోళ్ల పిచ్చి. మందు కూరిన చిన్న రాగి టోపీ మీద పిస్తోలు సుత్తి పడితే పేలే రకం. పోలీసుల అనుమతితో, పేలకుండా చేయించి, మూడింటిని అద్దాల బీరువాలో పెట్టుకున్నారు.

ఆదివారాలు వాటికి నూనె రాసే పని మా తమ్ముడిది. నా అరచేతులకి గ్లౌజులు తడిసేంత చెమట, అది తగిలితే ఇనుము తుప్పు పడుతుందని నన్ను దూరంగా కూర్చోబెట్టేవారు. వాడికేమో తెల్ల గ్లౌజులు, షాబాష్‌లు. నాకు బిస్కెట్లు! కడుపు మండిపోయేది. వాడికన్నా పెద్దదాన్ని, క్లాసులో ఫస్టు, అయినా ఆ బీరువా ముందు పూచికపుల్లనే.

ఒక ఆదివారం అంకుల్ నమాజుకి లోపలికి వెళ్లారు. వాడికన్నా బాగా చేసి చూపిద్దామని, ఆంటీ నానబెట్టిన చింతపండు తెచ్చి ఒక పిస్తోలు పిడికున్న నల్లబడిన ఇత్తడి తొడుగుని బరబరా రుద్దాను. మా అమ్మ ఇత్తడి బిందెలు అలాగే తోముతుంది మరి. "అక్కా, డోంట్ లా!" అని తమ్ముడు సింగపూర్ ఇంగ్లీషులో అరిచి ఏడుపు మొహం పెట్టాడు. వాడికి కుళ్లు అనుకున్నాను. ఇత్తడి తళతళలాడింది.

అంకుల్ వచ్చి పిస్తోలుని వెలుతురులోకి తిప్పి చూశారు. "గా నలుపు నూటయాభై ఏండ్లది బేటీ. నేను బతికుండగ మళ్ల రాదు," అన్నారు మెల్లగా. సేకరించేవాళ్లు తోమిన పిస్తోలుని చులకనగా చూస్తారట. తిట్టినా బాగుండేది.

వారం తిరక్కుండానే, పిస్తోళ్లు సేకరించే పెద్దాయన ఒకరు ఆయనింటికి వచ్చారు. మేమిద్దరం అక్కడే ఉన్నాం. పిడి చూసి పక్కున నవ్వి, ఏ బుద్ధిలేనివాడు తోమాడని అడిగారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. తమ్ముడు నన్నే చూస్తున్నాడు. అంకుల్ మాత్రం నా వైపు తిరగనైనా లేదు.

"నేనే," అన్నారు.

తర్వాత ఆ పెద్దాయన చెప్పిన పాఠమంతా, ఏమీ తెలియని మనిషిలా తలూపుతూ విన్నారు.

తమ్ముడి మీద అసూయ ఆ రోజుతో పోయిందంటే అబద్ధం. జుట్టు నెరుస్తున్నా, వాడు ఇల్లు కొంటే నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. కానీ మొన్న వాడు నాన్న కళ్లజోడు తొక్కి విరగ్గొట్టాడు. ఎవరు చేశారని నాన్న కేకేస్తే, నా నోటివెంట "నేనే" అని వచ్చేసింది. వాడికన్నా నేనే ఎక్కువ ఆశ్చర్యపోయాను.