పది గుక్కల పరీక్ష

బంతి భోజనానికి ఒక మర్యాద ఉంది. కూర్చున్నవాళ్లందరూ తినడం పూర్తయ్యాకే బంతి లేవాలి. ఒక్కడు ఇంకా పప్పన్నం దగ్గరే ఉన్నాడంటే, మిగతా నలభైమందీ ఎండిపోయిన చేతులతో వాడికోసం కూర్చోవలసిందే. తొంభైల చివర్లో, మైలవరంలో మా మేనత్త కొడుకు పెళ్లిలో, ఆ ఒక్కడూ నేనే అయ్యాను.

నాలుగు ముద్దలు తిన్నానో లేదో రొమ్ము మధ్యలో ఏదో అడ్డుపడ్డట్టయింది. నీళ్లు తాగితే ఆ నీళ్లూ పైకే వచ్చాయి. మెడ సాగదీసి, గుటక మీద గుటక వేసి ఎలాగో దించాను. తలెత్తి చూద్దును కదా, బంతి బంతంతా నావైపే చూస్తోంది. రెండో బంతి వాళ్లు అప్పుడే వచ్చి మా కుర్చీలు పట్టుకుని నిలబడ్డారు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన, "ఏం బాబూ, నెమరేస్తున్నావా?" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆకు మడిచి లేచి వచ్చేశాను. బంతి మధ్యలో లేవడమంటే పెళ్లివారి మొహాన కొట్టినట్టే. పరువు తీశానని మా అక్కయ్య నాతో నెలరోజులు మాట్లాడలేదు.

ఆ తర్వాత పెళ్లిళ్లకూ పేరంటాలకూ మా ఆవిణ్ణి ఒక్కదాన్నే పంపేవాణ్ణి. కొన్నేళ్లకు బెజవాడ ఫంక్షన్ హాళ్లలో బఫేలు మొదలయ్యాయి. నిలబడి తినేది కూడా ఒక తిండేనా అని అందరూ తిట్టుకుంటుంటే, కనిపెట్టినవాడెవడో గానీ చల్లగా ఉండాలని నేను లోలోపల దణ్ణం పెట్టుకున్నాను. ప్లేటు పట్టుకుని తిరుగుతూ ఉంటే ఎవడు తిన్నాడో, ఎవడు పారేశాడో ఎవరికి తెలుస్తుంది?

ఊరిని మోసం చెయ్యొచ్చు, ఒంటిని చెయ్యలేం కదా. ఏటికేడాది చొక్కాలు వదులైపోయాయి. మా అక్కయ్య ఎప్పుడొచ్చినా మా ఆవిణ్ణి నిలదీసేది. "ఏమ్మాయ్, మావాడికి తిండి పెడుతున్నావా లేదా? పుల్లలా అయిపోయాడు!" మా ఆవిడ మర్నాడు అన్నం ఇంకాస్త మెత్తగా వండేది, చారు ఇంకాస్త పలచగా పెట్టేది. నాకు లోపల ఒకటే భయం. క్యాన్సరేమో. ఆ మాట పైకి అంటే నిజమైపోతుందేమోనని ఆవిడతో కూడా అనలేదు.

డాక్టర్ల దగ్గరికి తిరగలేదని కాదు. ఒకాయన గ్యాసన్నాడు. ఇంకొకాయన నోట్లోంచి కెమెరా వేసి చూసి, పుండూ లేదు గడ్డా లేదు, అంతా శుభ్రంగా ఉంది, టెన్షన్ తగ్గించుకోండని మందు బిళ్లలు రాశాడు. మింగలేనని వెళ్తే మింగడానికి బిళ్లలు! నేను ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో ప్రెషర్ మీటర్లు చూసుకునే ఉద్యోగిని. లైన్లో ప్రెషర్ బాగానే ఉన్నట్టుందండీ అని ఎవడైనా అంటే, మీటరు చూశావా, చూడకుండా ఎలా చెబుతావని కసిరేవాణ్ణి. నా విషయంలో మాత్రం పైపు ఖాళీగా ఉందని చూసి అందరూ బాగుందనేశారు. లోపలి ఒత్తిడిని ఒక్కరూ కొలవలేదు.

ఈ బాధ మొదలైన ఎనిమిదో ఏట, పడుకుంటే చాలు తిన్నది ముక్కులోకి ఎగదన్నడం మొదలైంది. ఇక మా ఆవిడ నా మాట వినకుండా విజయవాడలో ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "భోజనానికి ఎంతసేపు పడుతుందండీ?" అని.

"ఇరవై నిమిషాలు," అన్నాను.

"గంటన్నరండీ," అంది మా ఆవిడ వెనకనుంచి.

డాక్టరు ఆవిడ చెప్పిందే రాసుకున్నాడు. ఆహారనాళంలో ఒత్తిడిని కొలిచే మిషను కొత్తగా వచ్చిందనీ, మర్నాడు పరగడుపున రమ్మనీ చెప్పాడు.

ఒత్తిడి కొలుస్తారనగానే నాకు సగం రోగం తగ్గినట్టయింది. పరీక్ష చేసే ఆవిడ సన్నటి గొట్టం తీసి, దీని పొడవునా సెన్సార్లు ఉంటాయి, గొంతు నుంచి కడుపుదాకా ఎక్కడెక్కడ ఎంత ఒత్తిడి ఉందో ఒకేసారి చూపిస్తాయని చెప్పింది.

"కాలిబ్రేషన్ చేశారా అమ్మా? కొలత సరిచూశారా?" అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. "పొద్దున్నే చేశానండీ. ఇంతకీ మీరేం చేస్తుంటారు?"

ఆ గొట్టం ముక్కులోంచి దిగుతుంటే మాత్రం నా కాలిబ్రేషన్ అంతా వదిలిపోయింది. కళ్లవెంట నీళ్లు, డోకులు. దిగాక పడుకోబెట్టి, సిరంజితో చెంచాడు నీళ్లు నోట్లో పోసింది. "నేను మింగమన్నప్పుడు ఒక్కసారే మింగండి. మళ్లీ చెప్పేదాకా గుటక వెయ్యకూడదు. ఇలా పది గుక్కలు."

ఇదెంత పని అనుకున్నాను. ఎనిమిదేళ్లుగా ప్రతి ముద్దనూ నాలుగు గుటకలతో నెట్టి నెట్టి అలవాటైపోయిన గొంతు ఊరుకుంటుందా? "సార్, మళ్లీ మింగేశారు. ఇది లెక్కలోకి రాదు," అంటుంది ఆవిడ. పక్కన నిలబడ్డ మా ఆవిడ, "కాస్త ఓర్చుకోండి" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పది గుక్కలకు ఇరవైసార్లు మింగి ఉంటాను.

తెర మీద బొమ్మను డాక్టరు మాకు చూపించాడు. పైన గొంతు, అడుగున కడుపు. ఒత్తిడి ఎక్కువున్నచోట ఎరుపు, లేనిచోట నీలం. మామూలు మనిషి మింగితే రంగు పైనుంచి కిందికి ఏటవాలుగా జారుతుందట. అడుగున ఉన్న ఎర్రపట్టీ కాసేపు వెలిసిపోతుందట. అంటే కడుపు ముందున్న కవాటం తెరుచుకుందన్నమాట. నా పది గుక్కల్లో ఒక్కదాంట్లోనూ రంగు కిందికి జారలేదు. ఎర్రపట్టీ ఎక్కడా వెలవలేదు.

"వాల్వు పట్టేసింది," అన్నాను.

"అంతేనండీ. అకలేసియా అంటారు. ఇది క్యాన్సర్ కాదు, టెన్షనూ కాదు. నాళంలో కదలిక తిరిగి రాదు గానీ, బెలూన్ పెట్టి ఆ కవాటాన్ని సాగదీస్తే అన్నం దానంతటదే దిగుతుంది."

నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. మా ఆవిడ మాత్రం తెరవైపే చూస్తూ, "నా వంటవల్ల కాదు కదండీ?" అని అడిగింది.

"మీ వంటకీ దీనికీ ఏ సంబంధం లేదమ్మా," అన్నాడాయన. ఇంటికి వెళ్లగానే మా అక్కయ్యకు ఫోన్ చేసి చెడామడా తిట్టేశాను. అన్నేళ్లూ నోరు మూసుకుని విన్న నన్ను ఎవరు తిట్టాలో అప్పుడు తోచలేదు.

బెలూన్ వైద్యం అయింది. కొన్నాళ్లు జావ, కొన్నాళ్లు మెత్తటి అన్నం. ఒక ఆదివారం మధ్యాహ్నం అసలు భోజనం. దోసకాయ పప్పు, నెయ్యి, వంకాయ కూర. మా ఆవిడ వడ్డించి, ఎలాగూ గంటన్నర పడుతుందని బట్టలు ఆరేయడానికి డాబా మీదికి వెళ్లింది. దిగి వచ్చేసరికి నేను చేతులు కడుక్కుంటున్నాను.

"అయ్యో, అప్పుడే లేచారేంటండీ? దిగలేదా?"

"దిగిందే. మొత్తం తినేశాను."

ఆవిడ నా కంచం చూసింది. అన్నం గిన్నె మీద మూత తీసి చూసింది. ఆవిరి వస్తోంది. తనూ కంచం తెచ్చుకుని వడ్డించుకుని కూర్చుంది. నేను తిని లేచాకగానీ ఏనాడూ తినని మనిషి.

"ఎనిమిదేళ్లయిందండీ, నేను వేడన్నం తిని," అంది.

నిష్ఠూరంగా అనలేదు. పప్పు కలుపుకుంటూ మామూలుగానే అంది. నాకు ఏడుపొచ్చేసింది. పక్కన కూర్చుని నెయ్యి గిన్నె ఆవిడవైపు జరిపాను.