తీగలు కోశాక వినిపించిన బేస్

దయ్యాలు, ఆత్మలు అంటే మా ఇంట్లో మొదట నవ్వేది నేనే. చదివింది ఎలక్ట్రానిక్స్. బర్మాలోని యాంగోన్‌లో ఇన్వర్టర్లు, సోలార్ బ్యాటరీలు బాగుచేయడం నా పని. ఏదైనా ఆగినా మోగినా దానికో కారణం ఉంటుందని, వెతికితే దొరుకుతుందని నమ్మేవాణ్ణి. ఈ ఒక్క విషయంలో దొరకలేదు.

మా చిన్నాన్న జాజ్ ఆర్గాన్ వాయించేవాడు. రేవులో మూటలు మోసిన కుటుంబంలో ఆ దారి పట్టింది ఆయనొక్కడే. ఒక హోటల్ లాంజ్‌లో ముప్పై ఏళ్ళు వాయించాడు. అక్కడ అందరూ బర్మా పద్ధతిలో గౌరవంగా ‘ఊ రాజు’ అని పిలిచేవారు. విదేశీయులు రావడం తగ్గాక లాంజ్ మూసేశారు. డ్రమ్స్ వాయించే మిత్రుడు థాయ్‌లాండ్ వెళ్ళిపోయాడు. హోటల్ వాళ్ళు వద్దనుకున్న ఆర్గాన్‌ను చిన్నాన్న పజుండౌంగ్ పేటలోని తన ఇంటికి తెచ్చుకున్నాడు.

ఈ ఆర్గాన్ మీద కుడిచేయి పాట వాయిస్తుంది, ఎడమచేయి తోడు స్వరాలు. బేస్, అంటే పాట కింద నడిచే మంద్రస్వరాలు, మాత్రం ఎడమకాలిది, కింద ఉండే పెడళ్ళ మీద. చిన్నాన్న పేరంతా ఆ కాలితో వచ్చిందే. వాయిద్యాన్ని కాలితో తాకుతావా అని మా నాన్నమ్మ తిట్టేదట. అందుకే ఆయన రోజూ వంగి, పెడళ్ళను చేత్తో తాకి కళ్ళకద్దుకున్నాకే మొదలుపెట్టేవాడు.

షుగర్ వల్ల రెండేళ్ళ కిందట ఆ కాలే మోకాలి పైదాకా తీసేశారు. ఆసుపత్రివాళ్ళు గుడ్డలో చుట్టి ఇచ్చిన దాన్ని శ్మశానంలో పూడ్చి వచ్చింది నేనే.

అప్పటినుంచి ఆయన ఆర్గాన్ మూత తీయలేదు. మొన్న వేసవిలో ఒక చిన్న హోటల్ మేనేజర్, ఆదివారం మధ్యాహ్నాలు వాయించడానికి మనిషి కావాలని కబురు పంపాడు. ముందు రికార్డింగ్ పంపమన్నాడు. చిన్నాన్న మళ్ళీ నలుగురి ముందు కూర్చోవడానికి మిగిలిన దారి అదొక్కటే.

బేస్‌ను కింది వరస మెట్లకు కలిపి, ఎడమచేతితో వాయించేలా మారుద్దామన్నాను. దానికి పెడళ్ళ తీగలు కోయాలి.

“కోసీయ్‌రా ఇంజినీరూ,” అన్నాడు. “డాక్టరు నన్నడిగి కోసాడేటి? నువ్వయినా అడిగినావు.”

పెడళ్ళ పలకను విప్పి గోడకు ఆనించాను. తీగలు కోసి కొసలకు టేపు చుట్టాను. చేతి బేస్‌కి ఇంకా కలపలేదు. అంటే ఆ పూట ఆర్గాన్‌లో బేస్ వచ్చే మార్గమే లేదు.

మర్నాడు మధ్యాహ్నం ఊరికే ఒకసారి వాయించి చూస్తానన్నాడు. కరెంటు లేదు, కింద కొట్టువాళ్ళ జనరేటర్ వేయించాను. ఆయన కర్రల మీద గోడ దాకా వెళ్ళి, విప్పేసిన పెడళ్ళను తాకి కళ్ళకద్దుకుని వచ్చి కూర్చున్నాడు. నేను ఫోన్‌లో రికార్డు చేశాను. నాలుగు నిమిషాల పాట. మధ్యలో టీ తెచ్చిన పిన్ని గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఏటది, ఎడం తొడ అలాగ ఊపుతున్నావు?”

“ఊపుతున్నానేటి?” అన్నాడాయన, ఆపకుండానే.

జనరేటర్ హోరులో నాకు తేడా ఏమీ తెలియలేదు. తామ్వే పేటలో నా గదికి వచ్చి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. అందులో బేస్ ఉంది. మొదటినుంచి చివరిదాకా, ఒక్క అడుగు తప్పకుండా నడిచింది.

చూసినవన్నీ రాసుకున్నాను. ఎడమచేతి స్వరాలు విడిగా వినిపిస్తున్నాయి, కాబట్టి అది చేతి పని కాదు. మర్నాడు వెళ్ళి చూస్తే తీగల మీద టేపు వేసింది వేసినట్టే ఉంది. పక్కింటి పాట కూడా కాదు. ఈ ఆర్గాన్ మోటారు కరెంటును బట్టి తిరుగుతుంది. చిన్న జనరేటర్ మీద శ్రుతి కాస్త దిగుతుంది. ఆ రోజు పాట ఎంత దిగిందో బేస్ కూడా సరిగ్గా అంతే దిగింది. అంటే అది ఆ ఆర్గాన్‌లోంచే వచ్చింది.

చిన్నాన్నకు వినిపించాను. మళ్ళీ పెట్టమని రెండోసారి కూడా పూర్తిగా విన్నాడు. “పంపీయ్,” అన్నాడు. మళ్ళీ వస్తుందో రాదో తెలియనిది పంపకూడదని నాకు తెలుసు. ఆయన ముఖం చూసి పంపేశాను.

మేనేజర్‌కి ఎంతో నచ్చింది. ఆదివారం స్వయంగా వచ్చి వింటానన్నాడు. ఈలోగా చేతి బేస్ కలిపేస్తానన్నాను. చిన్నాన్న ఒప్పుకోలేదు.

“ముట్టుకోకురా. అదే వత్తాది.”

ఆదివారం కూడా ఆయన అన్నీ అలాగే చేశాడు. కళ్ళకద్దుకున్నాడు, అదే పాట ఎత్తుకున్నాడు. బేస్ రాలేదు. రెండు పాటలయ్యాక మేనేజర్ గది చుట్టూ చూశాడు.

“బేస్ వాయించినాయన ఏడీ, ఊ రాజు?”

“నేనే.”

మేనేజర్ చిన్నాన్న మడిచి కట్టిన లుంగీ కేసి చూసి, వెంటనే చూపు టీ కప్పు మీదకు తిప్పుకున్నాడు. “కాలు లేదని చెప్పినా పిలిచేవాణ్ణి. వేరేవాళ్ళది పంపడమెందుకు?” అని నెమ్మదిగా అన్నాడు. టీ పూర్తిగా తాగే వెళ్ళాడు.

తర్వాత పదకొండు సార్లు ప్రయత్నించాం. అదే జనరేటర్, అదే ఫోన్, అదే పాట. ఏమీ రాలేదు. చేతి బేస్ కలుపుతానని మళ్ళీ అడిగాను.

“సేత్తో వాయించింది నా బేస్ అవుద్దేటి? నువ్వే విన్నావు కదా,” అన్నాడు.

ఇప్పుడు ఆయన వాయించడం లేదు. ఆ నాలుగు నిమిషాలు పెట్టుకుని వింటూ మంచం మీద పడుకుంటాడు. ఆ శబ్దం ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. పిన్ని మాత్రం, పోయిన కాలు ఆయన మీద ప్రేమతో వచ్చిందంటుంది. అది రాకపోయి ఉంటే మా చిన్నాన్న ఎడమచేత్తోనైనా ఈ ఆదివారం ఆ హోటల్‌లో వాయిస్తూ ఉండేవాడు.